ఉప్పులో పూడ్చిన పాము: బద్వేలు నుంచి కోసిగికి, అక్కడి నుంచి కడపకు

ఫోటోలో పాముకు పసుపు పూసి ఉంది. తెల్లటి పంచె ముక్క మీద పడుకోబెట్టి, తల మీద కుంకుమ బొట్టు పెట్టి, పక్కన స్టీలు గ్లాసులో పాలుంచారు. చచ్చిన పాము. కింద ఒక్కటే ప్రశ్న: "ఇది నాగుపాము పిల్లేనా?" పాము కనబడితే ఫోటో పెట్టి పేరు అడిగే గుంపు ఒకటి మా ఫోన్లలో ఉంది. అందులో నాలాంటివాళ్ళం చాలామందిమే ఉన్నాం. నేను బద్వేలులో గడియారాలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. పాముల గురించి నాకు తెలిసిందల్లా పుస్తకాలు కొనుక్కుని చదివిందీ, రోడ్ల పక్కన చచ్చి పడివున్న వాటిని చూసి నేర్చుకున్నదీ. ఫోటో వచ్చిన కాసేపటికే గుంపులో ఎవరో "నాగుపాము పిల్లే, మెడ మీద గుర్తు చూడండి" అని రాశారు. ప్రశ్న అడిగినాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే కడప నుంచి రేష్మా మేడం ఫోన్ చేశారు. ఆమె ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెబుతారు. దేశానికి పడమటి కొసనున్న ఎడారి ఇసుకల్లో ఒక చిన్న పాము దొరికితే, అది ఇదివరకు ఎవరూ పేరు పెట్టని జాతి అని ఈమధ్యే తేల్చిన బృందంలో ఆమె కూడా ఉన్నారు. "మెడ మీద ఆ నల్లపట్టీ కంటే ముక్కు చూడండి. పారలాగా ముందుకు లేదూ? ఇసుకను తొలుచుకుంటూ పోయే పాముకు ఉండే ముక్కు అది. ఒంటి మీద మచ్చలు పసుపులో కలిసిపోయాయి. ఎడారి పాము ఇంత దక్షిణాన ఉంటుందని మేమెవరం అనుకోలేదు. నాకు పరీక్షల డ్యూటీ ఉంది. మీరు వెళ్ళగలరా?" అన్నారు. ఇలాంటి వాటిని తెచ్చి పరిశీలించడానికి అటవీ శాఖ ఇచ్చిన అనుమతి ఆమెకు ఉంది, అందులో సహాయకుడిగా నా పేరూ ఉంది. అనుమతి లేకుండా చచ్చిన పామునైనా తీసుకురాకూడదు. ఇది చదివి ఎవరూ ఆ పని చేయవద్దని ముందే చెబుతున్నాను. ఫోటో పెట్టినాయన నంబరుకు ఫోన్ చేస్తే ఆటో డ్రైవరని తెలిసింది. పేరు ఖాజా, ఊరు కోసిగి. "రండి సార్, కానీ పాము లేదు. పూడ్చేసినారు" అన్నాడు. అయినా బయల్దేరాను.

ఫిబ్రవరి మొదట్లో ఒక శుక్రవారం. బద్వేలులో తెల్లవారుజామున నాలుగున్నరకు మైదుకూరు బస్సు ఎక్కాను. మైదుకూరులో కర్నూలు బస్సు దొరికింది. ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా వెళ్ళే దారి ఇది. సీటు దొరికితే కిటికీ పక్కన కుడివైపు కూర్చోండి, నల్లమల కొండలు చాలాసేపు వెంట వస్తాయి. కర్నూలు చేరేసరికి పది దాటింది. అప్పటిదాకా రెండు బస్సులకూ కలిపి మూడు వందల లోపే అయింది. కర్నూలు నుంచి ఎమ్మిగనూరుకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి, రెండు గంటల లోపు ప్రయాణం, వంద రూపాయలు. దారిలో చేలు బోసిగా ఉన్నాయి. పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి, మధ్య మధ్య ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్రాళ్ళ గుట్టలు. ఎమ్మిగనూరు బస్టాండు ఎదుట ఒక బండి దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. నలభై రూపాయలు. బజ్జీలు వేస్తున్నామె నా చేతిలోని గాజు సీసా చూసి, "ఊరగాయకా?" అంది. పాము కోసమని చెప్పలేక తలూపాను. "అంత చిన్నదాంట్లో ఏం సరిపోతాదప్పా, ఇంట్లో ఒక్కరే ఉంటారా?" అని ఇంకో బజ్జీ వేసింది.

ఎమ్మిగనూరు నుంచి కోసిగి గంట లోపే, నలభై రూపాయలు. రైల్లో వచ్చేవారు ఆదోనిలో దిగి బస్సెక్కడం మేలు. ఖాజా బస్టాండు బయట ఆటోలో కాచుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నా సంచీని వెనక సీట్లో పెట్టబోయి ఆగి, "సార్, దీంట్లో ఏమీ లేదు గదా? మీరు పాములోళ్ళంటే నాకు కొంచెం..." అన్నాడు.

"ఒక తుండుగుడ్డ, భూతద్దం ఉన్నాయి" అన్నాను.

"అయితే సరే. నా ఆటోలో పాము ఎక్కితే టికెట్టు ఎవురిస్తారు?" అని నవ్వాడు. ఊరు దాటాక మాత్రం నవ్వు పోయింది. ఆటో నడుపుతూనే వెనక్కి తిరిగి తిరిగి చెప్పాడు. "ఆ ఫోటో నేను పెట్టకుండా ఉంటే బాగుండు సార్. గ్రూపులో ఒగాయన నాగుపాం పిల్లే అన్న్యాడు. నేను పోయి ఆ యమ్మకు అట్లనే చెప్పినా. అప్పటిదాకా వాళ్ళకు అనుమానమే ఉండె. నేను చెప్పినాక నిజమైపాయ. ఆ పిల్ల ఐదు నెలల కడుపుతో ఉండాది సార్. మూన్నాళ్ళాయ, సరిగ్గా తినల్యా."

జరిగింది ఇది. ఊరు కోసిగికి ఆరేడు కిలోమీటర్లు. పేరు రాయను, ఆ కుటుంబానికి ఇబ్బంది. అక్కడ పత్తి ఏరడం అయిపోగానే జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే వలస కూలి. లారీల్లో గుంటూరు వైపు వెళ్ళి మిరపకాయలు కోస్తారు. ఆ ఇంట్లో మగవాళ్ళు ముందు లారీలో వెళ్ళిపోయారు. అత్త ఈరమ్మ, కోడలు ఉరుకుందమ్మ మిగిలిన పత్తి అమ్ముకుని వెనక లారీకి వెళ్ళాలి. బుధవారం నాడు కోడలు పత్తిని గోతంలో కుక్కుతుంటే కుప్పలో ఏదో కదిలింది. చేతికందిన కట్టెతో కొట్టింది. చూస్తే జానెడున్నర పొడుగు, సన్నటి పాము, మెడ మీద నల్లటి పట్టీ. ఆ పట్టీని పడగ గుర్తనుకున్నారు. పత్తి గోతాల కిరాయి మాట్లాడటానికి వచ్చిన ఖాజా ఫోటో తీసింది అప్పుడే. కడుపుతో ఉన్న మనిషి నాగప్పను చంపితే ఆ దోషం కడుపులోని బిడ్డకు తగులుతుందని అక్కడ గట్టి నమ్మకం. బిడ్డకు చెవుడు రావచ్చంటారు, ఒంటి మీద పొలుసులు రావచ్చంటారు, అసలు బిడ్డే దక్కదంటారు. ఆ మాటలన్నీ ఇరుగుపొరుగు ఒక్క పూటలో ఆ పిల్ల చెవిన వేశారు.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు కావస్తోంది. రాతి గోడల ఇల్లు, మట్టి మిద్దె. ముంగిట్లో గోతాలు కట్టి పెట్టి ఉన్నాయి. ఈరమ్మకు యాభై దాటి ఉంటాయి, నుదుటి నిండా విభూతి. నేను ఎవరో ఖాజా చెప్పగానే ఆమె ముందు నా కాళ్ళకేసి చూసి, "యాడ నుంచి వచ్చినావప్పా? బద్వేలా? అంత దూరమా? ముందు రొట్టె తిను" అంది. జొన్నరొట్టె, కందిపప్పు. పప్పులో ఉప్పు లేదు. మరిచిపోయి ఉంటారనుకుని ఏమీ అనకుండా తిన్నాను. ఖాజా మాత్రం ఒక ముక్క నోట్లో పెట్టుకుని నా వైపు చూసి కళ్ళతోనే నవ్వాడు. ఉరుకుందమ్మ తలుపు పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ముందున్న పళ్ళెంలో రొట్టె తుంచిన ముక్కలు తుంచినట్టే ఉన్నాయి.

నేను చేయి కడుక్కున్నాక ఆమే అడిగింది. "అన్నా, అది నాగప్పేనా?"

"చూడకుండా చెప్పలేనమ్మా."

"ఫోటో సూసినావు గదా?"

"పసుపు కింద సరిగ్గా తెలియలేదు."

నిజానికి కాదని చెప్పేస్తే ఆ పూటకు ఆమె తినేదేమో. నాగు కాదన్న అనుమానం నాకు బలంగానే ఉంది. కానీ గుంపులో ఎవరో చూడకుండా అన్న ఒక్క మాటే ఆ ఇంటికి ఇంత చేసింది. ఇంకో చూడని మాట దాని మీద వేయడం నాకు చేతకాలేదు. పూడ్చినదాన్ని ఒకసారి తీసి చూడవచ్చా అని ఈరమ్మను అడిగాను. ఆమె ముఖం గట్టిపడింది.

"పూడ్చినదాన్ని యాడన్నా తీస్తారా? మా ఇంటి మనిషికి చేసినట్లే చేసినా. కుండలో ఉప్పు పోసి, విభూతి పెట్టి పూడ్చినా. ఈ పొద్దు మూడోనాడు, పాలు పోయాల. పోసినాంక రేపు లారీకి పోతాం. అంతే."

చనిపోయిన మనిషిని పూడ్చేటప్పుడు ఉప్పు పోయడం ఆ ఇళ్ళలో వాడుక. ఇంట్లో ఉన్న ఉప్పంతా ఆమె పాము కుండలో పోసింది. పాలు పోసేదాకా మళ్ళీ ఉప్పు ఇంట్లోకి తేకూడదని తన అత్తగారు చెప్పేదట. పప్పు చప్పగా ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. ఇంకేమీ అడగలేదు. పాలు పోయడానికి మేమూ వస్తామన్నాను. ఆమె సరేనంది.

పుట్ట ఊరి వెలుపల వంక గట్టున ఉంది. చుట్టూ తంగేడు పొదలు, కింద ఎండిన వంకలో తెల్లటి ఇసుక. నీళ్ళు పారి ఎన్నాళ్ళయిందో. ఆ ఇసుక చూస్తుంటే మేడం చెప్పిన ముక్కు గుర్తొచ్చింది. ఈరమ్మ పుట్ట మొదట్లో కొత్తగా కప్పిన మట్టి దగ్గర కూర్చుని ఊదుబత్తి ముట్టించింది. "దా, నువ్వు పోయి పాలు" అని కోడలిని పిలిచింది. ఉరుకుందమ్మ రాలేదు. దూరంగా, పొదల అవతల నిలబడిపోయింది. తన నీడ కూడా అటు పడకుండా పక్కకు జరిగింది. చేతులు రెండూ కడుపు మీద పెట్టుకుని ఉంది.

ఈరమ్మ కోడలి వైపు చాలాసేపు చూసింది. పాల గ్లాసు కింద పెట్టింది.

"ఇది ఇంతే. రేపు గుంటూరుకు పోయినా ఇంతే, కాన్పయ్యేదాకా ఇంతే" అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నేనే పూడ్చినా, నేనే తీస్తా. తప్పయితే నన్ను తగులుకోనీ. తిన్నా తినకున్నా నాకేం, ముసలిదాన్ని. సూసి నిజం చెప్పు. నాగప్పే అయితే నాగప్పే అను. నా కోడల్ని సంతోసపెట్టేకి చెప్పొద్దు."

చేతులతోనే తవ్వింది. చిన్న మట్టికుండ. మూత తీస్తే నిండా కల్లుప్పు. పైపొరను పక్కకు తోసి ఆమే పామును బయటికి తీసి పంచె ముక్క మీద పెట్టింది. పూడ్చి మూడు రోజులైనా వాసన లేదు. ఉప్పు నీరంతా పీల్చేసింది. పాము ఎండిన బీరతీగలా ఉంది కానీ ఎక్కడా చెడలేదు. తడిపిన పత్తితో తల మీద పసుపు మెల్లగా తుడిచాను. గడియారాల పనిలో వాడే భూతద్దం కంటికి పెట్టుకుని చూశాను.

చదివేవారికి తెలియాలని చెబుతున్నాను. పాము ఏదో తేల్చడానికి రంగు చివరి సాక్షి. ముందు చూడాల్సినవి పొలుసులు. ఏ జాతికి తల మీద ఎన్ని, ఎక్కడెక్కడ ఉంటాయో చాలావరకు మారదు. నాగుపాము చెంప మీద ముక్కు పొలుసు ఉంటుంది, దానికి ఆనుకునే కంటి ముందు పొలుసు ఉంటుంది. ఆ రెంటి మధ్య ఇంకేమీ ఉండదు. విషం లేని పాముల్లో చాలావాటికి అక్కడ ఇంకో చిన్న పొలుసు ఉంటుంది. ఈ పాముకు ఉంది. నువ్వుగింజ కంటే చిన్నది, స్పష్టంగా ఉంది. రెండో చెంప మీద కూడా చూశాను. అక్కడా ఉంది.

"ఇది నాగుపాము కాదమ్మా" అన్నాను.

ఈరమ్మ వెంటనే నమ్మలేదు. అద్దం ఇచ్చి ఆ చిన్న పొలుసు చూపించాను. ఒక కన్ను మూసి చూసింది. "ఉండాది. ఉంటే ఏమి?" అంది. నాగుపాముకు అది ఉండదని చెప్పి ఫోన్లో నాగుపాము తల బొమ్మ తీశాను. ఆమె ఫోను పక్కకు నెట్టేసింది. "ఫోన్ల ఏమన్నా సూపిస్తారు. ఈ ఖాజాగాని ఫోన్లనే గదా నాగుపాం అని వచ్చింది? అద్దం నీది, ఫోను నీది, మాట నీది. నాకు నాగప్పను సూపీ."

ఖాజా తల గోక్కున్నాడు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాసేపటికి ఆమే లేచింది. "ఉండండి ఈడనే" అని గబగబా ఊళ్ళోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పసుపు గుడ్డ మూట ఉంది. విప్పితే లోపల నాగుపాము కుబుసం. పొడుగాటిది, మడతలు పెట్టి ఉంది. వాళ్ళమ్మ నాగులచవితి నాడు పుట్ట దగ్గర దొరికిందని తెచ్చి, దుడ్లు, అంటే డబ్బులు, నిలుస్తాయని పెట్టెలో దాచి, పెళ్ళప్పుడు కూతురికిచ్చిందట. "ఇది నాగప్పదే. మాయమ్మ సూస్తాండగానే పుట్టలో నుంచి వచ్చి పడగ ఇప్పి, ఇది ఇడిసి పోయినాడంట. దీంట్లో సూపీ" అంది.

పాము కుబుసం విడిచేటప్పుడు తల భాగం కూడా ఊడి వస్తుంది, కంటి మీది పొరతో సహా. చాలా కుబుసాల్లో ఆ భాగం చిరిగిపోతుంది. ఇది ఎంత జాగ్రత్తగా దాచారో, తల చెక్కుచెదరలేదు. చేతులు కడుక్కుని, తల భాగాన్ని చచ్చిన పాము పక్కన గుడ్డ మీద పెట్టాను. అద్దం ఆమెకే ఇచ్చాను. ఆమె మోకాళ్ళ మీద వంగింది. ముక్కు పొలుసు, కంటి ముందు పొలుసు. మధ్యలో ఏమీ లేదు. పక్కనున్న పామును చూసింది. మళ్ళీ కుబుసం చూసింది. అలా ఎన్నిసార్లు చూసిందో.

"ల్యాదు" అంది చివరికి. "నాగప్పకు ల్యాదు. దీనికుండాది." తల ఎత్తి పొదల వైపు అరిచింది. "ఉరుకుందా! దామ్మే! ఇది మన నాగప్ప గాదు. దొంగముండ, యాదో వంకలో పాము! దా, నువ్వే సూడు!"

ఉరుకుందమ్మ మెల్లగా వచ్చింది. అద్దం పట్టుకోవడం తెలియక కంటికి దూరంగా పెట్టుకుంది. నేను సరిచేయబోతే అత్తే పట్టుకుని చూపించింది. ఆ పిల్ల రెండింటినీ మార్చి మార్చి చూసింది. అద్దం తీసి నా చేతికిచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇవి ఈడ శానా ఉంటాయా అన్నా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. "తెలియదమ్మా. ఇంతకు ముందు ఈ వైపు ఎవరూ చూసినట్టు లేదు" అన్నాను.

ఆమె పాము వైపు చూసి, "పాపం. పత్తిలో యెచ్చగా ఉంటాదని వచ్చిందేమో" అంది.

మేడంకు ఫోన్ చేసి విషయం చెప్పాను. సీసాలో స్పిరిటు పోయవద్దనీ, ఉప్పులో ఉన్నది ఉన్నట్టే తెమ్మనీ అన్నారు. పామును తీసుకుపోతామంటే ఈరమ్మ కాదనలేదు. తనే కుండలో సర్ది, పైన ఉప్పు సమంగా పరిచి, గుడ్డతో మూతి కట్టి ఇచ్చింది. ఆ తర్వాత పాల గ్లాసు తీసుకుని ఖాళీ గుంటలో పోయబోయింది. ఖాజా ఉండబట్టలేక, "నాగప్ప గాదంటిరి గదమ్మా, పాలెందుకు?" అన్నాడు.

"నాగప్ప గాకుంటే ప్రాణం గాదా? నోరు మూసుకో. ఇంగోతూరి ఫోన్ల సూసి నా ఇంటికి వచ్చినావంటే కట్టె తిరగేస్తా" అంటూ పోసింది. సగం పోసి గ్లాసు కోడలికిచ్చింది. మిగతా సగం ఆ పిల్ల పోసింది. ఈసారి గుంట అంచుకే వచ్చి నిలబడింది.

ఇంటికి తిరిగొచ్చాక ఈరమ్మ మళ్ళీ పళ్ళెం పెట్టింది. మేం బయట గోతాల మీద కూర్చున్నాం. ఉరుకుందమ్మ రొట్టె తుంచి పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

"అత్తా, పప్పులో ఉప్పు ల్యాదే!"

ఈరమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో అందరూ తిన్నది ఉప్పు లేని తిండే. ఆ పిల్లకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. "ఉప్పంతా నీ పాముకే పోస్తిగదే!" అని ఈరమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఉరుకుందమ్మ చప్పటి రొట్టె ఒకటి పూర్తిగా తిని రెండోది అడిగింది.

కోసిగిలో దిగాక కొట్లో రెండు కిలోల కల్లుప్పు కొని ఖాజాతో ఆ ఇంటికి పంపాను. ఆటోకు రానూపోనూ రెండు వందల యాభై మాట్లాడుకున్నాం, అతను రెండు వందలే తీసుకున్నాడు. ఆ రాత్రి ఎమ్మిగనూరులో లాడ్జిలో ఉన్నాను. అద్దె ఆరు వందలు, శుభ్రంగానే ఉంది. మరునాడు ఉదయం కర్నూలు వచ్చి కడప బస్సు ఎక్కాను. కర్నూలు నుంచి కడపకు నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది. కుండను ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. పక్క సీటాయన "గుడికా?" అని అడిగాడు. అవునన్నట్టూ కాదన్నట్టూ తలూపాను. దారిలో రెండుసార్లు ఆయన కుండకు దణ్ణం పెట్టుకున్నాడు.

రేష్మా మేడం కుండలోకి వంగి చూశారు. "ఇలా పెట్టమని ఎవరు చెప్పారు?" అన్నారు. సంగతి చెప్పాను. ఎండలో పడేస్తే ఒక రోజులో కుళ్ళిపోయేదట. ఉప్పు వల్ల చర్మమే కాదు, లోపలి కండ కూడా బాగుంది. వంశం ఏదో తేల్చే పరీక్షకు కండ ముక్క కావాలి. అది దొరికింది. పామును నానబెట్టి కడిగాక పసుపు పోయి అసలు రంగు బయటపడింది. వంక ఇసుక రంగే. వీపు మీద లేత గోధుమ రంగు మచ్చలు రెండు వరసలు. కడుపు పొలుసులు నేనొకసారి, ఆమె ఒకసారి ఎవరికి వారే లెక్కపెట్టాం. ఒకటి తేడా వచ్చింది. "మీరు గడియారాల ఆయన, మీదే కరెక్టు కావాలి" అని ఆమె మళ్ళీ మొదలుపెట్టారు. తప్పు నాదే. గొంతు కింది పొలుసు ఒకటి కలిపేశాను. ముక్కు, చెంప, వీపు వరసలు అన్నీ ఎడారి పాముతో సరిపోయాయి. కడుపు పొలుసులు మాత్రం దానికంటే కొన్ని తక్కువ. అదే జాతి ఇక్కడిదాకా పాకి ఉందా, లేక ఎన్నో తరాల కిందట విడిపోయిన చుట్టం జాతా అనేది ఒక్క పాముతో తేలదని ఆమె అన్నారు. కండ పరీక్ష ఫలితం రావాలి, ఇంకొన్ని బతికున్నవి కనబడాలి. అందాకా సీసా మీద ఎడారి పాము పేరు రాసి, పక్కన "దీనిని పోలినది" అని చేర్చారు. నాకు ఆ మాట నచ్చింది. తెలిసినంతే చెబుతుంది.

సీసా చీటీ మీద దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు, భద్రపరచిన తీరు రాయాలి. పేరు దగ్గర మేడం నా వైపు చూశారు. ఈరమ్మ అని రాయమన్నాను. భద్రపరచిన తీరు దగ్గర ఆమే "కల్లుప్పు" అని రాశారు. నెల తర్వాత ఈ సంగతి చెబుదామని ఖాజా దగ్గర నంబరు తీసుకుని ఈరమ్మకు ఫోన్ చేశాను. గుంటూరు వైపు మిరప చేలో ఉంది. వెనక ఆడవాళ్ళ మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి. "నా పేరా? సీసాకా? ఉప్పు పోసినదానికి పేరేందప్పా!" అని చాలాసేపు నవ్వింది. కోడలు ఎలా ఉందని అడిగాను. "ఇదో, ఈడనే నీడకు కూసోని చింతకాయ ఉప్పులో అద్దుకోని తింటాంది. వద్దంటే ఇనదు. నీ ఉప్పే అప్పా, ఊరి నుంచి మూట గట్టి తెచ్చుకున్యాం" అంది.

పాముకు పేరు ఇంకా రాలేదు. వస్తే సంతోషమే, రాకపోయినా ఆ సీసా అక్కడే ఉంటుంది. నేను వెళ్ళింది ఒక పాము ఏదో తెలుసుకోవడానికి. తిరిగొచ్చేటప్పటికి అది ఏది కాదో మాత్రమే తెలిసింది. ఆ ఇంటికి అంతే చాలింది. చచ్చిన పాము చెంప మీద నువ్వుగింజ కంటే చిన్న పొలుసు ఒకటి ఒక మనిషి చేత రొట్టె తినిపిస్తుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. బతికున్న పామును ఇలా దగ్గరికెళ్ళి చూసే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. ఏ పాము కరిచినా పేరు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇక ఆ వైపు వెళ్ళాలనుకునే వారికి ఒక్క మాట. డిసెంబరు లోపే వెళ్ళండి, ఆ తర్వాత జనం సుగ్గికి పోయి ఊళ్ళలో తలుపులకు తాళాలుంటాయి. వెళ్ళేటప్పుడు కోసిగి బస్టాండు దగ్గరి కొట్లో ఒక కిలో కల్లుప్పు కొని పట్టుకెళ్ళండి. అక్కడ ఎవరి ఇంట్లోనైనా మీకు రొట్టె పెడతారు. పప్పు చప్పగా ఉంటే, ఎందుకని అడగకుండా ముందు తినండి.